సిలబస్ రాయడం - 4వ పాఠం: ‘మొదలైనవి’ తెచ్చే తంటా

పోయిన పాఠంలో 60 పీరియడ్లను 5 యూనిట్లకు పంచమన్నాను. దాదాపు అందరూ 12, 12, 12, 12, 12 అని రాసి పంపారు. బంతిలో లడ్డూలు వడ్డించినట్టు! తప్పు నాదే. పంచమన్నానే గానీ సమానంగా వద్దని చెప్పలేదు. ఇంటర్నల్ మార్కుల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది సరిచేసుకోవాలి.

మన బీకాం బిజినెస్ స్టాటిస్టిక్స్ పేపరే తీసుకోండి. 4 క్రెడిట్లు, వారానికి 4 పీరియడ్లు, 15 వారాలు. కాగితం మీద 60. రెండు మిడ్ పరీక్షలకు రెండు వారాలు పోతే 8 తగ్గాయి. ఫ్రెషర్స్ డే, స్పోర్ట్స్ డే, ఎన్‌ఎస్‌ఎస్ ర్యాలీ, ఒక బంద్... ఇంకో 4. సిలబస్‌ను ఆమోదించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు 60 అనే చూపిస్తాను గానీ నా పెన్సిల్ లెక్క మాత్రం 48కే. ఆ 48 ఇలా: దత్తాంశ సేకరణ-పట్టికలు 6, సగటులు 10, విస్తరణ మానాలు (డిస్పర్షన్) 10, సహసంబంధం-ప్రతిగమనం (కోరిలేషన్, రిగ్రెషన్) 14, సూచీ సంఖ్యలు 8.

మొదటి యూనిట్‌కు 6 చాలా అంటారా? మొదటి సెమిస్టర్ పేపరైతే చాలు. దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్) అడ్మిషన్లు విడతలవారీగా జరుగుతాయి. చివరి విడతలో చేరినవాడు క్లాసుకు వచ్చేసరికి మనం కొంత దూరం వెళ్లిపోయి ఉంటాం. వాడు ఇంట్లో కూర్చుని చదువుకోగలిగిందే ముందు పెట్టాలి. సహసంబంధం, ప్రతిగమనాలకు 14 ఎందుకంటే, ఇంటర్‌లో సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) చదివి వచ్చినవాళ్లకు లెక్కలతో చుట్టరికం తెగి రెండేళ్లయింది.

ఇక అసలు చిరాకు. మీరు పంపిన వాటిలో ‘మొదలైనవి’ లేని కాగితం ఒక్కటీ లేదు.

కొత్తలో నేనూ రాశాను: ‘సగటులు: అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం మొదలైనవి.’ ఆ ‘మొదలైనవి’లో ఏముందో నాకే తెలీదు. వాక్యం బోసిగా కనిపించిందని తగిలించాను. పేపర్ సెట్ చేసినాయన వేరే కాలేజీ ఆయన. నా క్లాసు ఆయన చూడలేదు, నా నోట్సు చూడలేదు, ఆయన ముందున్నది సిలబస్ కాగితం ఒక్కటే. 4 మార్కులకు ఒక ప్రశ్న ఇచ్చారు: వెళ్లేటప్పుడు గంటకు 40 కిలోమీటర్లు, అదే దారిలో వచ్చేటప్పుడు 60, సగటు వేగమెంత? పిల్లలు రెండూ కూడి సగం చేసి 50 అని రాశారు. అది హరమధ్యమం (హార్మోనిక్ మీన్) అనే ఇంకో రకం సగటు లెక్క, జవాబు 48. సిలబస్‌లో లేనిది అడిగారని రుసరుసలాడుతూ కాగితం తీశాను. ‘మొదలైనవి’ కనిపించింది. నోరు మూసుకున్నాను.

హరమధ్యమం చెప్పదలిస్తే పేరు పెట్టి రాయండి. చెప్పనిదైతే ‘హరమధ్యమం లేదు’ అని రాయండి. అలా రాస్తే బాగుండదని కొందరు సీనియర్లు అంటారు. నాకు మాత్రం సిలబస్‌లో అన్నిటికన్నా ఇష్టమైన మాట ‘లేదు’.

‘మొదలైనవి’కి చుట్టాలు కూడా ఉన్నారు: ‘తదితర అంశాలు’, ‘సంక్షిప్త పరిచయం’, ‘అనువర్తనాలు’. ఒకరు ‘సూచీ సంఖ్యలు - అనువర్తనాలు’ అని రాశారు. దాన్ని ఇలా మార్చాను: ‘లాస్పేర్, పాషే, ఫిషర్ సూచీలు, జీవన వ్యయ సూచీ, సమష్టి వ్యయ పద్ధతి మాత్రమే, కాల విపర్యయ పరీక్ష లేదు.’ ఇంకొకరు ‘ర్యాంకు సహసంబంధం’ అని ఊరుకున్నారు. ఇద్దరికి ఒకే ర్యాంకు వస్తే? దానికి సవరణ పదం కలపాలి, దాంతో ఇంకో పీరియడ్ పడుతుంది. ‘సమాన ర్యాంకుల లెక్కలు సహా’ అనో ‘లేకుండా’ అనో తేల్చండి.

ఔట్‌కమ్స్‌లో (కోర్సు అయ్యాక విద్యార్థి ఏం చేయగలడో చెప్పే వరుసల్లో) ‘అవగాహన కలుగుతుంది’ అన్న వాక్యాన్ని 2వ పాఠంలోనే తిట్టేశాను, మళ్లీ తిట్టను.

అభ్యాసం కొంచెం బరువే. మీ పేపర్‌కు గత 5 ఏళ్ల ప్రశ్నపత్రాలు తీయండి. ప్రతి ప్రశ్న పక్కన అది మీ సిలబస్‌లో ఏ వరుసలోని ఏ మాట వల్ల వచ్చిందో రాయండి. ఏ మాటా దొరకని ప్రశ్నలను విడిగా ఒక కాగితం మీద రాసి పంపండి. ‘మొదలైనవి’ వల్ల వచ్చినవాటికి ఎర్ర సిరా వాడండి.