పర్సనల్ స్టేట్‌మెంట్ మొదటి లైను దగ్గరే ఆగిపోతే

పీజీ అప్లికేషన్‌కి పర్సనల్ స్టేట్‌మెంట్ (ఈ కోర్సులో ఎందుకు చేరాలనుకుంటున్నామో ఇంగ్లిష్‌లో రాసిచ్చే వ్యాసం) రాద్దామని కూర్చుంటే "చిన్నప్పటి నుంచి నాకు..." అని టైప్ చేయడం, చెరిపేయడం, మళ్లీ అదే. మూడు సాయంత్రాలు ఇలాగే పోయాయి నాకు.

చివరికి ల్యాప్‌టాప్ మూసేసి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఫ్రెండెవరో "ఈ కోర్సే ఎందుకురా?" అని అడిగినట్టు 10 నిమిషాలు ఆపకుండా తెలుగులోనే మాట్లాడాను. ఆశయాల జోలికి పోకుండా ఒక్క ప్రాజెక్టు గురించే: ఎక్కడ ఇరుక్కున్నాను, ఎలా బయటపడ్డాను, ఇప్పటికీ ఏం అర్థం కాలేదు. "డేటాలో సగం ఖాళీలే, వాటిని ఏం చేయాలో మా టీమ్‌లో ఎవరికీ తెలీదు" అని విసుగ్గా అన్న మాటే నా రెండో పేరా అయింది. మీరూ ఇలాగే రికార్డ్ చేసి, విన్నాక పనికొచ్చే ఐదారు వాక్యాలు కాగితం మీద రాసుకుని మధ్య పేరాలు ముందు రాయండి, మొదటిది ఆఖరున. మాటకు మాట ఇంగ్లిష్‌లోకి దించకండి, ఎబ్బెట్టుగా ఉంటుంది.

కోర్సు సిలబస్ చదవకుండా రికార్డ్ చేస్తే మాత్రం ఇది పనిచేయదు. నా మొదటి రికార్డింగ్ నిండా "ఆసక్తి" అనే మాట తప్ప ఇంకేం లేదు. అప్లికేషన్‌లో స్టేట్‌మెంట్ బదులు విడివిడిగా ప్రశ్నలిస్తే, ఒక్కోదానికి 3 నిమిషాలు విడిగా మాట్లాడుకోవాలి.