కీమో అయ్యాక కీళ్ల నొప్పులా? ముందు మాత్రల సంచీ బోర్లించండి

పర్లాకిమిడిలో నా దగ్గరకు ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లు మొదట అనేది ఒకటే: "కీమో విషం ఇంకా ఒంట్లోంచి దిగలేదు బాబూ." నేను అడిగేదీ ఒకటే: ఆఖరి కీమో ఎప్పుడు, నొప్పి ఎప్పటినుంచి, ఇప్పుడు మింగుతున్న మాత్రలేవి? లావుపాటి ఫైలు తెస్తారు. మాత్రలు మాత్రం ఇంట్లో వదిలేసి వస్తారు.

కీమో ఇంకా నడుస్తుంటే ముందు థర్మామీటరు. 100.4 డిగ్రీలు ఉన్నా, దాటినా నొప్పి సంగతి పక్కనపెట్టి ఆసుపత్రికి బయల్దేరండి. చూడకుండా పారాసిటమాల్ వేసుకుంటే జ్వరం దాక్కుంటుంది.

సెలైన్ ఎక్కిన రెండు మూడు రోజులకు కాళ్లు పీకేసి, వారంలో సర్దుకుంటే అది పాక్లిటాక్సెల్ రకం కీమో మందుల పని. తెల్లకణాలు పెరగడానికి మర్నాడు వేసే సూది తర్వాత నడుము, తుంటి ఎముకలు లోపల్నుంచి సలిపితే అది సూదిది. రెండూ తగ్గేవే. డాక్టరు రాసిన మాత్ర చాలు.

అసలు దొంగ వేరే ఉంది. రొమ్ము క్యాన్సర్‌కు కీమో అయ్యాక చాలామందికి, ముఖ్యంగా ముట్లుడిగినవాళ్లకు, లెట్రోజోల్ లాంటి మాత్ర రోజుకొకటి రాస్తారు, ఐదేళ్లో అంతకుమించో. ఒంట్లో ఈస్ట్రోజన్ తయారవకుండా ఆపుతుంది, కీళ్లు పట్టేస్తాయి. పొద్దున లేస్తే పిడికిలి మూసుకోదు, కత్తిపీట ముందు కూర్చుంటే లేవలేరు, ఓ అరగంట తిరిగితే సడలుతుంది. చిన్న మాత్ర కదా, బలానికనుకుంటారు.

నేనూ మోసపోయాను. ఒకావిడకు కీమో నీరసమనుకుని రెండు నెలలు వ్యాయామం చేయించాను. ఓరోజు సంచీ మంచమ్మీద బోర్లిస్తే లెట్రోజోల్ అట్ట, సగం అలాగే ఉంది. "అది మానేస్తే హాయిగా ఉంది బాబూ, మీరు అడగలేదు కదా!" జబ్బు తిరగబడకుండా కాసేది ఆ మాత్రే.

కాబట్టి సొంతంగా మానకండి, రాసిన డాక్టరుకు చెప్పండి. విటమిన్ డి చూస్తారు, అవసరమైతే కొన్నాళ్లు ఆపి అదే జాతిలో ఇంకోటి మారుస్తారు. ఒకటి పడనివాళ్లకు ఇంకోటి పడొచ్చు. డాక్టరు రాస్తే డులోక్సెటిన్ అనే మాత్ర ఈ నొప్పికి కొందరికి పనిచేస్తుంది. మన చేతిలో ఉన్నది నడక: వారానికి 150 నిమిషాలు, దానికితోడు రెండు రోజులు కండబలానికి వ్యాయామం. మొదటి వారం తిట్టుకుంటారు, తిట్టుకుంటూనే నడవండి. పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి ఇరవైసార్లు పిడికిలి మూసి తెరవండి.

డైక్లోఫెనాక్ అనే నొప్పి సూదికి పరుగెత్తొద్దు. పక్కనే ఉద్దానం పెట్టుకుని కిడ్నీల గురించి మనకొకరు చెప్పాలా? కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా నొప్పి మాత్రలు వద్దు, పేరు లేని పొడులు అసలే వద్దు.

థైరాయిడు లాంటివి రక్తపరీక్షలో తేలతాయి, వాటికి బుర్ర పాడుచేసుకోకండి. నొప్పి ఒకే ఎముకలో ఉండి, రాత్రి నిద్ర లేపుతూ వారం వారం పెరుగుతుంటే మాత్రం నా దగ్గరకు రాకండి. నేరుగా క్యాన్సర్ డాక్టరు దగ్గరకెళ్లి స్కాన్ అడగండి.