ఎండలకు ముందు కారు అద్దాలకు ఫిల్మ్ వేయిస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

మార్చి వచ్చిందంటే యాక్సెసరీస్ షాపుల ముందు కార్లు బారులు తీరతాయి. "సార్, ఇది 70 శాతం ఫిల్మ్, పూర్తిగా లీగల్, ఎవరూ ఆపరు" అంటారు. పోయినేడు నేనూ ఆ మాట నమ్మాను, మూడు వారాలు తిరక్కుండానే చలాన్ వచ్చింది.

ముందు లెక్క చూడండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 100 ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలి, పక్క అద్దాల్లోంచి 50 శాతం. షాపులో చెప్పనిది ఏంటంటే, ఆ శాతం ఫిల్మ్ ఒక్కదానిది కాదు, అద్దం ఫిల్మ్ కలిపి చూడాలి. కంపెనీ అద్దం 80 శాతం వదిలితే దాని మీద 70 శాతం ఫిల్మ్ అంటించాక మిగిలేది 56, అంటే ముందు అద్దానికి చాలదు. అద్దమే 70 వదిలేదైతే 49కి పడిపోతుంది, పక్క అద్దాలకు కూడా పనికిరాదు.

పైగా 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు, ఎంత శాతమైనా సరే అద్దాలకు ఫిల్మ్ అంటించొద్దంది. తర్వాత రూల్ మారి 2021 ఏప్రిల్ నుంచి ప్లాస్టిక్ పొర ఉన్న సేఫ్టీ గ్లేజింగ్‌కి (భద్రత కోసం తయారు చేసిన అద్దానికి) చోటిచ్చారు, దాన్ని పట్టుకునే 2024లో కేరళ హైకోర్టు 70, 50 లెక్కకు లోబడిన ఫిల్మ్‌కి జరిమానా వేయకూడదంది. ఆ తీర్పు ఫోన్‌లో చూపిస్తే కూకట్‌పల్లిలోనో బెంజ్ సర్కిల్‌లోనో వదిలేస్తారని మాత్రం అనుకోకండి, అది కేరళ హైకోర్టు మాట. నన్నడిగితే అసలు వేయించకండి. పార్కింగ్‌లో సన్‌షేడ్ పెట్టుకోండి, బండి కదిలించే ముందు తీసేయండి.

ఇప్పటికే ఉంటే ఇంట్లోనే తీయొచ్చు. హెయిర్ డ్రయర్‌తో ఒక మూల వేడి చేసి మెల్లగా లాగితే పొర మొత్తం వస్తుంది, మిగిలిన జిగురుకు సబ్బు నీళ్లు చాలు. వెనక అద్దం మీద మాత్రం బ్లేడు పెట్టకండి, అద్దం మీది ఆవిరిని పోగొట్టే ఆ సన్నటి డీఫాగర్ గీతలు తెగితే వానాకాలంలో ఏడవాల్సిందే.

చలాన్ వస్తే టెన్షన్ పడకుండా ముందు ఫోటో తెరిచి చూడండి, నంబరు, తేదీ, చోటు, కారు రంగు మీవేనా అని. తేడా ఉంటే కట్టకుండా వెంటనే ఫిర్యాదు పెట్టండి. మీదే అయితే కట్టేసి రసీదు దాచుకుని, అదే రోజు ఫిల్మ్ పీకేయండి, లేకపోతే తర్వాతి కూడలిలో ఇంకోటి పడుతుంది. వాట్సాప్‌లో చలాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) మాత్రం ముట్టుకోవద్దు, బ్యాంకు ఖాతా ఖాళీ చేసే మోసం అది. పోలీసుల ఈ-చలాన్ సైటులో మీరే నంబరు కొట్టి చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లయితే అడ్వాన్స్ ఇవ్వకముందే కొట్టి చూడండి, పాత ఓనరు కట్టని చలాన్లు అక్కడ కనిపిస్తాయి.