జనాభా లెక్కల్లో అమ్మభాష పేరు ఎలా చెప్పాలి

2011 ఫిబ్రవరిలో ఆదిలాబాద్ ఏజెన్సీలో జనాభా లెక్కలు రాసే ఎన్యూమరేటర్‌గా ఇంటింటికీ తిరిగాను. టీచర్‌ని కాబట్టి ఆ డ్యూటీ పడింది. కొలాం తెగ వాళ్ల ఇంట్లో ఒకచోట మాతృభాష ఏమిటని అడిగితే, కొడుకు "అందరికీ తెలుగే రాయండి సార్" అన్నాడు. రాసేశాను. బయటికి వస్తుంటే వాకిట్లో అవ్వ మనవరాలితో వాళ్ల భాష కొలామిలో మాట్లాడుతోంది. వెనక్కి వెళ్లి మళ్లీ అడగలేదు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగానే ఉంది. ఈసారి మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

మాతృభాష అంటే మీరు ఇప్పుడు ఎక్కువగా మాట్లాడే భాష కాదు. చిన్నప్పుడు అమ్మ మీతో మాట్లాడిన భాష. పసితనంలోనే అమ్మ పోయి ఉంటే, అప్పుడు ఇంట్లో ఎక్కువగా వినిపించిన భాష చెప్పాలి. దీన్ని ఒక్కొక్కరికీ విడిగా రాస్తారు. కోడలిది గోండి, అత్తది కొలామి అయినా ఇబ్బంది లేదు.

తెగకూ భాషకూ వేర్వేరు గళ్లు. గోండులైనా అమ్మ తెలుగులోనే పెంచి ఉంటే తెలుగనే చెప్పండి. పౌరుషం కోసం లేనిది రాయించవద్దు.

తెలుగు చెప్పకపోతే పిల్లల చదువుకో, పథకాలకో ఇబ్బంది అవుతుందని చాలామందికి టెన్షన్. అలా ఏమీ కాదు. 2011 ఫారంలో, మాతృభాష కాక మీకు తెలిసిన ఇతర భాషలు రెండింటి దాకా రాసుకోవడానికి వేరే గడి ఉంది, తెలుగు అందులోకి వెళ్తుంది.

అన్నిటికంటే ముఖ్యం పేరు. "మా భాష", "గిరిజన భాష" అంటే లెక్కకు పనికిరాదు. 2011లో జనం చెప్పిన పేర్లు 19,569. వాటిని వడపోస్తే 1,369 మాతృభాషలు తేలాయి, మరో 1,474 పేర్లు ఏ భాష కిందికీ చేరలేదు. పట్టికల్లో విడిగా కనిపించేది పదివేల మందికి పైగా చెప్పిన భాషలే. ఒకే భాషకు ఊరికో పేరు చెబితే చిన్న భాష ఆ గీత దాటదు. అందుకే ముందే గూడెంలో కూర్చుని ఒక్క పేరు అనుకోండి.

లంబాడీ వాళ్లకు ఇంకో మాట. 2011 పట్టికలో లంబాడీని హిందీ కింద చేర్చారు, అది నాకు నచ్చదు. అయినా దాని పేరు, 32 లక్షల మంది దాటిన దాని లెక్క విడిగానే కనిపిస్తాయి. "ఎలాగూ హిందీలోనే కలుపుతారు కదా" అని హిందీ అన్నారంటే ఆ లెక్క తగ్గిపోతుంది.

ఎన్యూమరేటర్ లేచేలోపు ప్రతి పేరు పక్కన ఏ భాష రాశారో చదివి వినిపించమనండి. అవ్వ ఇంట్లో ఉంటే ఆమెను పిలవండి. తెలుగు రాకపోతే ఆమె భాషలోనే అడిగి, ఆమె చెప్పిన పేరే రాయించండి.