స్కార్‌బరోలో చదువుతూ డౌన్‌టౌన్ క్లాసు కూడా తీసుకోవాలంటే

యూనివర్సిటీ ఆఫ్ టొరంటో స్కార్‌బరో క్యాంపస్‌లో సీటు అనగానే "అది బ్రాంచి కదా" అనే చుట్టాలు ఉంటారు. పట్టించుకోకండి, డిగ్రీ యూనివర్సిటీ ఆఫ్ టొరంటోదే. మీకు పని పడేది టైమ్‌టేబుల్‌తో.

ఎకార్న్‌లో (యూనివర్సిటీ రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్) కోర్సు ఎంచుకునేటప్పుడు కోడ్ చివర ఏముందో ముందు చూడండి. హెచ్3 అంటే మన స్కార్‌బరో, హెచ్1 అంటే డౌన్‌టౌన్‌లోని సెయింట్ జార్జ్, హెచ్5 అంటే మిస్సిసాగా. మన దగ్గర లెవెల్‌ని అక్షరంతో రాస్తారు: సీఎస్‌సీఏ08 అనే కోడ్‌లో అంకెల ముందున్న 'ఏ' అంటే ఫస్టియర్ కోర్సని అర్థం, తర్వాత బి, సి, డి. డౌన్‌టౌన్ కోడ్‌లలో అదే 100, 200 అని ఉంటుంది. అక్కడి సీట్లు ముందు అక్కడి పిల్లలకే ఇస్తారు. అందుకని ఆ ఒక్క కోర్సు మీదే సెమిస్టర్ అంతా ఆధారపడేలా ప్లాన్ వేసుకోవద్దు.

ఇక ప్రయాణం. సీనియర్లు షటిల్ బస్సు గురించి చెబుతుంటారు, అది మిస్సిసాగా వాళ్ళకి. మనకి టీటీసీయే (టొరంటో సిటీ బస్సులు, మెట్రో) దిక్కు. క్యాంపస్ దగ్గర 905 నంబరు బస్సు ఎక్కి కెనడీ స్టేషన్‌లో దిగాలి, అక్కణ్ణుంచి లైన్ 2 మెట్రోలో సెయింట్ జార్జ్‌కి. కెనడీలోనే రైలు బయల్దేరుతుంది కాబట్టి కూర్చోడానికి చోటు దొరుకుతుంది, నా రీడింగులు సగం అందులోనే అయిపోతాయి. ప్రెస్టో కార్డు (ఛార్జీ కట్టే కార్డు) ట్యాప్ చేస్తే రెండు గంటలు చెల్లుతుంది, బస్సు మారి రైలెక్కినా మళ్ళీ టికెట్ పడదు. చేతిలో గంటన్నర ఉంచుకోండి. మంచు పడే రోజు అదీ చాలదు.

క్లాసులు గంట కొట్టాక పది నిమిషాలకి మొదలవుతాయి. ఆ పది నిమిషాలు మన క్యాంపస్‌లోనే హెచ్ వింగ్ నుంచి ఎస్ వింగ్‌కి నడవడానికే సరి, ఊరు దాటడానికి కాదు. డౌన్‌టౌన్ క్లాసున్న రోజు ఇక్కడ ఇంకేమీ పెట్టుకోకండి. గ్రూప్ మీటింగ్ కూడా వద్దు.

మిగతా రోజులు హాయి. 1960ల్లో జాన్ ఆండ్రూస్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన మన క్యాంపస్ కాంక్రీటు బిల్డింగు బయటికి కోటలా మొరటుగా కనిపిస్తుంది గానీ, లోపల పొడవాటి నడవా ఉంది. జనవరిలో కోటు తీసేసి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళొచ్చు. దాని అసలు విలువ చలికాలంలోనే తెలుస్తుంది.

పుస్తకం కోసం మాత్రం డౌన్‌టౌన్‌లోని రోబార్ట్స్ లైబ్రరీ దాకా పరుగెత్తకండి. లైబ్రరీ సైట్‌లో రిక్వెస్ట్ పెట్టి, తీసుకునే చోటు స్కార్‌బరో అని ఎంచుకుంటే ఇక్కడికే పంపుతారు. మెయిల్ వచ్చాక టీకార్డు (స్టూడెంట్ ఐడీ) పట్టుకెళ్ళి తెచ్చుకోండి. రావడానికి రోజులు పడుతుంది, వ్యాసం ఇవ్వాల్సిన ముందు రోజు రాత్రి పెడితే మాత్రం టెన్షనే.