విలేజ్ వాన్‌గార్డ్ ఆదివారాన్ని వినే పద్ధతి

న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో, మెట్లు దిగి వెళ్ళవలసిన విలేజ్ వాన్‌గార్డ్ నైట్‌క్లబ్బులో 1961 జూన్ 25న జాజ్ పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ త్రయం వాయించిన కచేరీల నుంచి వచ్చిన ‘సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్’ ఆల్బమ్‌ను మొదటిసారి వినేవారు ఫోను స్పీకరును పక్కనపెట్టి, మంద్రస్వరాలు స్పష్టంగా పలికే హెడ్‌ఫోన్లు ఎంచుకోవాలి.

‘గ్లోరియాస్ స్టెప్’తో మొదలుపెట్టి, తొలి విడతలో పియానోను వదిలి స్కాట్ లఫారో వాయించే బేస్‌నే (మంద్రస్వరాలు పలికే పెద్ద తీగవాద్యం) అనుసరించండి. అది లయకు ఊతమిచ్చి ఊరుకోదు. పియానో వాక్యం ముగియకముందే అందుకుని బదులు పలుకుతుంది. గాత్రం వెంట వయొలిన్ నడిచే మన కచేరీలకు అలవాటుపడిన చెవికి ఇది కొంత దుడుకుగా తోచవచ్చు గాని, ఆల్బమ్ ప్రాణమంతా అక్కడే ఉంది. లఫారో అదే ఏడాది జూలై 6న కారు ప్రమాదంలో మరణించాడు; అందుకే ఆయన వాదనం ప్రముఖంగా వినిపించే పాటలనే దీనికి ఎంచారు.

రెండో విడతలో పాల్ మోషన్ డ్రమ్స్‌ను పట్టుకోండి. గ్లాసుల గలగల, శ్రోతల మాటలు వినబడితే చిరాకుపడవద్దు. గది ఎంత చిన్నదో చెప్పేవి అవే.

ఆనాటి వాదనంలోంచే వచ్చిన ‘వాల్ట్జ్ ఫర్ డెబ్బీ’ ఆల్బమ్‌ను తరువాత వినవచ్చు. కచేరీలన్నీ కలిపిన పూర్తి సంపుటిని మాత్రం తొందరపడి తెరవకండి. ఒకే పాట పలుమార్లు రావడం కొత్తవారికి విసుగు పుట్టిస్తుంది.