కార్కా, గాల్వేనా? వాన పడే రోజును బట్టి తేల్చుకోండి

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో కొడుకో కూతురో ఉన్నవాళ్ళు విజయవాడ పటమటలోని మా కర్రీ పాయింట్‌కి వస్తే, పప్పు ప్యాక్ చేసేలోగా ఒకటే అడుగుతారు. "పిల్లలు మమ్మల్నిద్దర్నీ ఎక్కడికైనా మూడు రోజులు వెళ్ళి రమ్మంటున్నారండీ. కార్క్ బాగుంటుందా, గాల్వే బాగుంటుందా?" ఐర్లండ్‌లోని ఆ రెండు ఊళ్ళూ మా ఆయనా నేనూ చూశాం. మొదటిసారి మే నెలలో గాల్వే, రెండోసారి అక్టోబరులో కార్క్. కౌంటర్ దగ్గర నిలబడి చెప్తే సగంలోనే ఇంకొకరు గోంగూర ఉందా అని అడుగుతారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చూడాల్సినవాటి జాబితా రాసుకుని పోల్చుకోకండి. నేనూ మొదట ఆ పనే చేశాను, ఏమీ తేలలేదు. రెండుచోట్లా నది, పెద్ద చర్చి, పాత వీధులు, పక్కనే సముద్రం ఉన్నాయి. దాని బదులు మీ ఇద్దరూ ఈ ఒక్కటి మాట్లాడుకోండి: పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాన కురిస్తే ఏం చేద్దాం? ఆ దేశంలో మూడు రోజుల్లో ఒకరోజన్నా అలా పోతుందనుకునే బయల్దేరాలి.

గాల్వేలో మాకు మొదటిరోజే ఆ ముచ్చట తీరింది. ఇనిష్ మోర్ అనే దీవికి పడవ టికెట్లు ముందే కొన్నాం. పొద్దున ఏడింటికి మెసేజ్ వచ్చింది, గాలి ఎక్కువగా ఉంది, పడవలు లేవని. డబ్బు వెనక్కిచ్చారు, రోజు మాత్రం పోయింది. మేం దిగిన లాడ్జిలో మూడో అంతస్తు గది, లిఫ్టు లేదు. మా ఆయన కిటికీ దగ్గర కూర్చుని వానను చూస్తూ, "ఇది మన ప్రకాశం బ్యారేజీ మీద కూడా కురుస్తుంది" అన్నారు. మధ్యాహ్నం ఇక ఉండలేక సాల్ట్‌హిల్ అనే సముద్రపు ఒడ్డుకు నడిచాం. అక్కడ వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. గొడుగు రెండు నిమిషాల్లో తిరగబడిపోయింది. ఆ రోడ్డు చివర ఒక గోడ ఉంటుంది, అక్కడిదాకా నడిచినవాళ్ళు దాన్ని కాలితో ఒక తన్ను తన్ని వెనక్కి తిరగడం ఊరి ఆచారం. తడిసి ముద్దయిన మా ఆయన ఆ గోడను తన్నిన తన్ను నాకింకా గుర్తుంది. పడవవాళ్ళ మీద కోపమంతా అందులోనే ఉంది.

మర్నాడు ఎండ కాసింది. సంగతి ఇక్కడే ఉంది. ఎండ కాసిన గాల్వేకి సాటి లేదు. ఊరి నుంచి బస్సులో గంట వెళ్తే రోసవీల్ రేవు, అక్కడినుంచి పడవలో ముప్పావుగంట. దిగగానే అద్దె సైకిళ్ళు, మినీ బస్సులు, వాటి పక్కనే గుర్రబ్బళ్ళు! మేం జట్కా ఎక్కి ఎన్నేళ్ళయిందో. రాతి గోడల మధ్య సన్నటి రోడ్డు మీద వెళ్ళి, చివర కొంత దూరం కొండెక్కితే డున్ ఎంగస్ అనే రాతికోట వస్తుంది. కోటకు మూడువైపులా గోడ, నాలుగోవైపు ఏమీ లేదు, కింద సముద్రం. కంచె కూడా ఉండదు. అందరూ బోర్లా పడుకుని అంచు దాకా పాకి తొంగి చూస్తారు. నేను చూశాను. ఆయన పది అడుగుల వెనక నిలబడి నా కాలు పట్టుకోనా అని అరుస్తున్నారు.

ఇంకోవైపు వెళ్తే 214 మీటర్ల ఎత్తున మోహర్ కొండచరియలు ఉంటాయి. గాల్వే నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తెచ్చి దింపే బస్సులు దొరుకుతాయి. అదీ ఎండ ఉంటేనే. పొగమంచులో వెళ్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు.

గాల్వే ఊరు చిన్నది, జనాభా ఎనభై అయిదు వేల దరిదాపుల్లో. రైలు దిగితే ఎదురుగా ఐర్ స్క్వేర్, అక్కడినుంచి షాప్ స్ట్రీట్, క్వే స్ట్రీట్ మీదుగా పావుగంట నడిస్తే 1584 నాటి స్పానిష్ ఆర్చి. బస్సు అవసరమే రాదు. దారిపొడవునా పాడేవాళ్ళు, ఫిడేలు వాయించేవాళ్ళు. పక్కన పారే కోరిబ్ నది మొత్తం పొడవు ఆరు కిలోమీటర్లే. 1,400 కిలోమీటర్ల కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్ళకి అది కాలవే, కానీ ఆ ఉరవడి చూస్తే మాట్లాడరు.

క్లాడా ఉంగరం పుట్టింది ఆ ఊళ్ళోనే. రెండు చేతులు ఒక గుండెను పట్టుకుని ఉంటాయి, పైన కిరీటం. చేతులు స్నేహం, గుండె ప్రేమ, కిరీటం నమ్మకం. పెళ్ళైనవాళ్ళు ఎడమ చేతి ఉంగరపు వేలికి, గుండె కొన తనవైపుకు వచ్చేలా పెట్టుకుంటారు. తిరగేసి పెట్టుకుంటే అర్థం మారిపోతుంది, కొనేటప్పుడు అడిగి తెలుసుకోండి. నేను వెండిది కొనుక్కున్నాను. శనగపిండి కలిపితే ఆ చేతుల మధ్య ఇరుక్కుంటుంది, పిన్నీసుతో తీసుకోవాలి.

ఇక కార్క్. ఇది పెద్ద ఊరు, రెండు లక్షల పైన జనం. లీ నది రెండు పాయలుగా చీలి మధ్యలో ఒక లంక అయింది, ఆ లంక మీదే ఊరి నడిబొడ్డు. గాల్వేలా చూడగానే నచ్చదు. మొదటి సాయంత్రం నాకు బీసెంట్ రోడ్డుకి చలి వేసినట్టు అనిపించింది. రెండోరోజు వాన మొదలైంది, అప్పుడు తెలిసింది దాని గొప్ప.

ఇంగ్లిష్ మార్కెట్ అని 1788 నుంచీ నడుస్తున్న కప్పున్న మార్కెట్టు ఒకటుంది. రోజూ కాళేశ్వరరావు మార్కెట్టుకు వెళ్ళే నేను లోపలికి అడుగుపెట్టి గంటన్నర బయటికి రాలేదు. ఐసు మీద చేపలు తలలన్నీ ఒకవైపుకే పెట్టి పేర్చారు, కళ్ళు గాజుగోళీల్లా మెరుస్తున్నాయి, మొప్ప ఎత్తి చూడాలని చెయ్యి దురద పెట్టింది. అక్కడ ముట్టుకోకూడదు, వేలు చూపిస్తే వాళ్ళే తీసిస్తారు. ఒక కొట్లో పొట్టపేగులు, పక్కనే నెత్తురుతో చేసే డ్రిషీన్ అనే సాసేజ్, ఇంకో కొట్లో వెన్న రాసిన గుడ్లు. గుడ్డు పెట్టగానే వేడి మీదుండగా పెంకుకు వెన్న పూస్తారట, నిలవ ఉంటుందని. శాకాహారి అయిన మా ఆయన చేపల వరస దాటేదాకా ముక్కు మూసుకుని, ఆలివ్ కాయలు, చీజ్, రొట్టె అమ్మే చోట తేలారు. 2011లో బ్రిటన్ రాణి కూడా వచ్చి ఇక్కడ చేపల కొట్టు దగ్గర నవ్వుతూ నిలబడిందట. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆదివారం మార్కెట్టుకు సెలవు. శని, ఆదివారాలే చేతిలో ఉంటే శనివారమే చూసెయ్యండి.

షాండన్ చర్చిలో తాళ్ళు లాగి గంటలు మీరే మోగించవచ్చు, ఏ తాడు తర్వాత ఏది లాగాలో అంకెలు రాసిన కార్డు ఇస్తారు. నా పాటేదో ఊరంతా వినింది, పాపం.

వాన తగ్గకపోయినా కోవ్ వెళ్ళొచ్చు. కెంట్ స్టేషన్ నుంచి రైల్లో పాతిక నిమిషాలు, వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకుంటే నీళ్ళు కనిపిస్తాయి. టైటానిక్ సముద్రం మీదికి వెళ్ళేముందు చివరిసారి ఆగింది ఈ ఊరి దగ్గరే, 1912 ఏప్రిల్ 11న. ఇక్కడ ఎక్కినవాళ్ళు 123 మంది. అప్పటి రేవు చెక్కలు కొన్ని ఇంకా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. మా ఆయన అక్కడ చాలాసేపు మాట్లాడలేదు.

బ్లార్నీ కోట ఊరికి ఎనిమిది కిలోమీటర్లు. పైకెక్కి వెల్లకిలా పడుకుని, తల వెనక్కి వేలాడదీసి ఒక రాయిని ముద్దుపెట్టుకుంటే మాటకారితనం వస్తుందంటారు. సన్నటి మెలికల మెట్లు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందే తోటలో తిరగడం మేలు. నాకా రాయి అక్కర్లేదని మా ఆయనే తేల్చేశారు.

ఇంతకీ ఎలా తేల్చుకోవాలంటే: మే, జూన్‌లో వెళ్తూ, ఒక రోజు పాడైనా రెండోరోజు కోసం ఆగే ఓపిక ఉంటే గాల్వే. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురే. చలికాలమైనా, ఇద్దరిలో ఒకరికి గాలీ చలీ పడకపోయినా, తిండి ముఖ్యమనుకున్నా కార్క్. జులై చివర గుర్రప్పందాల వారం గాల్వే గదుల ధరలు మండిపోతాయి, అక్టోబరు చివర జాజ్ సంగీతోత్సవానికి కార్క్‌లోనూ అంతే.

రెండూ కలిపి మూడు రాత్రుల్లో కుక్కాలని చూడకండి. వాటి మధ్య నేరుగా రైలు లేదు, బస్సును బట్టి మూడు నుంచి నాలుగు గంటల పైన పడుతుంది. డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్ నుంచైతే ఏ ఊరికైనా రెండున్నర గంటలు అటూ ఇటూ. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే తక్కువకు వస్తుంది, సీటు దగ్గర మీ పేరు కూడా కనిపిస్తుంది. పులిహోర డబ్బా పట్టుకెళ్ళండి, రైల్లో ఎవరూ ఏమీ అనరు. గది తీసుకునేటప్పుడు లిఫ్టు ఉందా అని అడగండి. గొడుగు మాత్రం పిల్లల ఇంట్లోనే వదిలేసి, టోపీ ఉన్న రెయిన్‌కోట్లు రెండు కొనుక్కోండి.